సగానికి మించి ఒకరి చేతిలో పడితే...
క్రిప్టో నాణేలకు ‘51 శాతం’ బెడద

తిరుపతి: ప్రభుత్వ వెబ్‌సైటు తెరిచిన పౌరుల కంప్యూటర్లు వారికి తెలియకుండానే ఎవరికో కూలి చేసి పెట్టిన ఉదంతం 2018 సెప్టెంబరులో బయటపడింది. తిరుపతి నగరపాలక సంస్థ, మాచర్ల పురపాలక సంఘం, రాష్ట్ర పురపాలక శాఖ సంచాలకుని కార్యాలయం - ఈ మూడింటి వెబ్‌సైట్లలోకి గుర్తు తెలియని వ్యక్తులు ఒక చిన్న ప్రోగ్రాము చొప్పించి, చూడవచ్చిన వారి కంప్యూటర్ల శక్తిని క్రిప్టో నాణేల మైనింగుకు మళ్ళించారని భద్రతా పరిశోధకులు కనుగొన్నారు. పన్ను వివరాల కోసమో, జనన ధ్రువపత్రం కోసమో పేజీ తెరిచిన వ్యక్తికి కన్పించేది కంప్యూటరు వేడెక్కడం, ఫ్యాను రొద పెరగడం మాత్రమే. నాణేలు మాత్రం వేరెవరి ఖాతాకో చేరేవి.

ఆ రోజులలో ఇటువంటి చాటు మైనింగుకు ఎక్కువగా వాడుకలో ఉన్నది ‘కాయిన్‌హైవ్’ అనే ప్రోగ్రాము. 2017 సెప్టెంబరులో వచ్చి 2019 మార్చిలో మూతపడిన ఆ ప్రోగ్రాము మైనింగు చేసిన నాణెం పేరు మొనేరో. సరిగ్గా అదే మొనేరో 2025 ఆగస్టులో మరొక కారణంగా ప్రపంచ మార్కెట్టులో కలకలం రేపింది. దాని మైనింగు శక్తిలో సగానికి మించిన భాగం తమ చేతికి వచ్చిందని ‘క్యూబిక్’ అనే మరో నెట్‌వర్కు ప్రకటించుకొన్నది. ఒక పెద్ద ఎక్స్ఛేంజి వెంటనే మొనేరో జమలను నిలిపివేసింది. ‘51 శాతం దాడి’ అనే మాట మళ్ళీ వర్తక వర్గాలలో వినవచ్చింది.

ఇంతకూ ఆ 51 శాతం దేనిలో? అది ఒకరి చేతిలో పడితే నాణెం కొన్నవారికి కలిగే నష్టం ఏమిటి? సరుకుల మార్కెట్టులో గుత్తాధిపత్యం అంటే ఏమిటో చిత్తూరు జిల్లా రైతుకు, వర్తకునికి వేరే చెప్పనక్కరలేదు. కాని క్రిప్టో నాణేల విషయంలో ఈ గుత్తాధిపత్యం సరుకు మీద కాదు, ఖాతా పుస్తకం మీద. తేడా అంతా అక్కడే ఉన్నది.

అందరి వద్దా ఒకే చిట్టా

బెల్లం మండీలో రోజువారీ వ్యవహారం చిట్టాలోకి ఎక్కుతుంది. ఎవరి బండి వచ్చింది, ఎన్ని దిమ్మెలు, ఏ ధరకు ఎవరు కొన్నారు అన్నది గుమాస్తా రాస్తాడు. రైతు, కొనుగోలుదారు ఆ గుమాస్తాను, మండీ యజమానిని నమ్ముతారు. బ్యాంకులోనైనా జరిగేది ఇదే. పుస్తకం ఒకటి, దాని యజమాని ఒకరు.

బిట్‌కాయిన్‌లో పుస్తకానికి యజమాని లేడు. సతోషి నకమోటో అనే పేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన ఒక చిన్న వ్యాసంలో ఈ ఏర్పాటును వివరించారు. 2009 జనవరి 3న నెట్‌వర్కు మొదలయింది. ఆ పేరు వెనుక ఉన్న వ్యక్తి ఎవరో నేటికీ రుజువు కాలేదు. ఈ పద్ధతిలో ఒకే చిట్టా ప్రతులు ప్రపంచమంతటా వేలాది కంప్యూటర్లలో ఉంటాయి. సుమారు పది నిమిషాలకు ఒక కొత్త పుట చేరుతుంది. ఈ పుటనే బ్లాకు అంటారు. ప్రతి పుటకూ ముందు పుట గుర్తు ముడివడి ఉంటుంది. నడుమ ఒక పుట మార్చాలంటే దాని తరువాతి పుటలన్నీ తిరిగి రాయవలసిందే.

కొత్త పుట రాసే హక్కు ఎవరిది అన్నదే చిక్కు ప్రశ్న. దానికి పెట్టిన పోటీయే మైనింగు. యంత్రాలు ఒక సంఖ్య కోసం క్షణానికి కోట్లకొద్దీ సార్లు ఊహించి చూస్తాయి. తెలివితో తేలే లెక్క కాదు. లాటరీ టిక్కెట్ల వంటిది. ఎవరి వద్ద ఎక్కువ టిక్కెట్లుంటే వారికి తగిలే అవకాశం ఎక్కువ. టిక్కెట్టు వెల విద్యుత్తు, యంత్రాల అరుగుదల. తగిలిన వారు పుట రాసి, బహుమతిగా కొత్త నాణేలు పొందుతారు. బిట్‌కాయిన్‌లో ఈ బహుమతి మొదట పుటకు 50 నాణేలు. సుమారు నాలుగేళ్ళకొకసారి సగమవుతూ 2024 ఏప్రిల్ నాటికి 3.125కు దిగింది. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలు మించరాదన్నది నియమం.

ఒక్కోసారి ఇద్దరికి ఒకేమారు తగిలి రెండు పుటలు పుడతాయి. అప్పుడు ఏ శాఖ వెనుక ఎక్కువ శ్రమ పోగుపడితే దానినే అందరూ అసలు చిట్టాగా అంగీకరిస్తారు. వెనుకబడిన శాఖను వదిలివేస్తారు. ఈ నియమమే నెట్‌వర్కుకు రక్ష. దాడికి దారి కూడా ఇదే.

తూకం చీటీ మార్చినట్లు

ఒక ఆసామి వద్ద వెయ్యి నాణేలు ఉన్నాయనుకొందాం. మైనింగు శక్తిలో సగానికి మించి అతని చేతిలో ఉన్నదనుకొందాం. అతను ఆ వెయ్యి నాణేలనూ ఎక్స్ఛేంజిలో జమ చేస్తాడు. ఆ చెల్లింపు బహిరంగ చిట్టాలోకి ఎక్కుతుంది. ఎక్స్ఛేంజి కొన్ని పుటలు గడిచేదాకా ఆగి, నాణేలు వచ్చాయని నమ్మి డాలర్లో, మరో నాణెమో అతనికి ఇస్తుంది. అతను దానిని తీసుకొని బయటపడతాడు.

ఈలోగా అతని యంత్రాలు చాటున మరో చిట్టా రాస్తూ ఉంటాయి. అందులో ఆ వెయ్యి నాణేలు ఎక్స్ఛేంజికి వెళ్ళలేదు. అతని మరో ఖాతాలోకే వెళ్ళాయి. అతని శక్తి మిగిలిన వారందరి శక్తి కంటే ఎక్కువ కనుక చాటు చిట్టా నేడో రేపో పొడవవుతుంది. డబ్బు చేతికి రాగానే దానిని బయటపెడతాడు. నియమం ప్రకారం నెట్‌వర్కు ఈ పొడవాటి చిట్టానే అసలుదిగా తీసుకొంటుంది. ఎక్స్ఛేంజికి చేరిన వెయ్యి నాణేలు అసలు రానట్లే. ఒకే నాణేన్ని రెండుసార్లు ఖర్చు చేయడం అంటే ఇదే.

మండీ భాషలో చెప్పాలంటే, బెల్లం అమ్మి రొక్కం తీసుకొని వెళ్ళిన తరువాత తూకం పుస్తకంలో ఆ రోజు పుట చించి, బండి అసలు ఈ మండీకే రాలేదని కొత్త పుట కుట్టినట్లు. మండీలో అయితే గుమాస్తాను నిలదీయవచ్చు. ఇక్కడ కొత్త పుటను అందరి కంప్యూటర్లూ నియమబద్ధంగానే ఒప్పుకొంటాయి. నిలదీయడానికి ఎవరూ ఉండరు.

ఇదికాక మరి రెండు పనులు సాధ్యం. ఇతరులు రాసిన పుటలను పక్కకు నెట్టి బహుమతి నాణేలన్నీ తానే తీసుకోవచ్చు. తనకు గిట్టని వారి చెల్లింపులను పుటలోకి ఎక్కనీయకుండా ఆపవచ్చు.

చేతగాని పనులు

ఈ భయం గురించి ప్రచారంలో ఉన్న అపోహలు కూడా తక్కువ కాదు. సగం శక్తి చేతికి వచ్చినా ఇతరుల ఖాతాలోని నాణేలను దొంగిలించడం కుదరదు. దానికి ఖాతాదారుని రహస్య తాళం కావాలి. లేని నాణేలను నియమం మించి పుట్టించడమూ కుదరదు. అటువంటి పుటను మిగిలిన కంప్యూటర్లు తిరస్కరిస్తాయి. ఏళ్ళ క్రితపు పుటలను తిరగరాయడం లెక్క ప్రకారం అసాధ్యం కాకపోయినా అందుకు అయ్యే విద్యుత్తు ఖర్చు ఊహకు అందదు.

కనుక ఇంట్లో, ఫోనులో నాణేలు దాచుకొని ఊరకున్న వ్యక్తికి దాడివల్ల నేరుగా నాణెం పోదు. అప్పుడే నాణేలు పుచ్చుకొని సరుకో, సొమ్మో ఇచ్చిన వారికి మొదటి దెబ్బ. కాని నమ్మకం సడలితే ధర పడిపోతుంది. ఆ దెబ్బ అందరికీ తగులుతుంది.

ఎంతసేపు ఆగాలి?

దాడిదారు వద్ద సగం లేకపోయినా అదృష్టం కలిసివస్తే కొన్ని పుటలు వెనక్కు తిప్పగలడు. అందువల్లనే చెల్లింపు అందిన తరువాత కొన్ని పుటలు గడిచేదాకా ఆగే ఆచారం ఏర్పడింది. వీటిని ధ్రువీకరణలు అంటారు. మోసం నెగ్గే అవకాశం వెయ్యింట ఒకటికి లోపుగా ఉండాలంటే చెల్లింపు పుట తరువాత ఎన్ని పుటలు పడేదాకా ఆగాలో 2008 వ్యాసంలోనే లెక్క ఉన్నది. పుటకు పది నిమిషాల చొప్పున ఆ కాలం ఇలా తేలుతుంది:

దాడిదారు వాటా 10 శాతం అయితే 5 పుటలు - 50 నిమిషాలు.
20 శాతం అయితే 11 పుటలు - రెండు గంటలకు కాస్త తక్కువ.
30 శాతం అయితే 24 పుటలు - 4 గంటలు.
40 శాతం అయితే 89 పుటలు - సుమారు 15 గంటలు.
45 శాతం అయితే 340 పుటలు - సుమారు 57 గంటలు.

సగం దాటితే ఎన్ని పుటలు ఆగినా పూర్తి భద్రత లేదు. వాటా పదినుంచి ముప్ఫయికి పెరిగినప్పుడు ఆగవలసిన కాలం ఐదు రెట్లు కూడా కాలేదు. నలభై నుంచి నలభై ఐదుకు, అంటే కేవలం ఐదు శాతం పెరిగినప్పుడు, నాలుగు రెట్లు దాకా అయింది. భయం 51 దగ్గర హఠాత్తుగా పుట్టదని, నలభై దాటినప్పటి నుంచే ముదురుతుందని ఈ అంకెలే చెబుతున్నాయి. పుటలను దాచిపెట్టి అదను చూసి వదిలే ఎత్తుగడతో మూడో వంతు శక్తి ఉన్నవారు కూడా తమ వాటాకు మించిన బహుమతి రాబట్టగలరని అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇటాయ్ ఇయాల్, ఎమిన్ గున్ సిరర్ 2013లో చూపారు.

పాల కేంద్రం తీరు

బిట్‌కాయిన్‌లో ఈ భయం నిజమయ్యేంత దగ్గరకు వచ్చినది 2014 జూన్‌లో. అప్పట్లో ‘జీహ్యాష్’ అనే మైనింగు పూల్ వాటా కొద్దిసేపు సగం దాటింది.

పూల్ అంటే పాల కేంద్రం వంటిది. రెండు ఆవులున్న రైతు తన పాలు తానే పట్నానికి తెచ్చి అమ్ముకోలేడు. ఊళ్ళోని కేంద్రంలో పోసి, వారానికో పదిహేను రోజులకో లెక్క చూసుకొంటాడు. ఒంటరి మైనరుకు కూడా పుట తగలడానికి ఏళ్ళు పట్టవచ్చు. పూల్‌లో చేరితే తన శక్తి మేరకు రోజూ కొంత ముడుతుంది. ఆవులు రైతులవే. కాని పాలు ఎక్కడికి పంపాలన్నది కేంద్రం నిర్ణయం. అట్లాగే యంత్రాలు మైనర్లవే అయినా పుటలో ఏమి రాయాలన్నది పూల్ నిర్వాహకుల చేతిలో ఉంటుంది.

అయితే ఇందులోనే ఒక ఊరట ఉన్నది. కేంద్రం మీద అనుమానం కలిగిన రైతు మరునాటి ఉదయం పక్క కేంద్రంలో పాలు పోయవచ్చు. 2014లో జరిగినది అదే. ఆందోళన చెలరేగడంతో పలువురు మైనర్లు వేరే పూల్‌లకు తరలిపోయారు. తమ వాటా 40 శాతం మించనీయబోమని ఆ పూల్ హామీ ఇవ్వవలసి వచ్చింది. తరువాత అది కుంచించుకుపోయి 2016లో మూతపడింది. దండన విధించిన ప్రభుత్వం ఏదీ లేదు. ఖాతాదారుల భయమే నియంత్రణగా పని చేసింది.

ఆ భయం పూర్తిగా తీరలేదన్నది కూడా నిజం. 2025లో బిట్‌కాయిన్ మైనింగులో మొదటి రెండు పూల్‌లు, ఫౌండ్రీ యూఎస్‌ఏ, యాంట్‌పూల్ వాటాలు కలిపితే కొన్ని సమయాలలో సగం దాటింది.

అద్దె లారీల బెడద

చిన్న నాణేల సంగతి ఇంత తేలిక కాదు. బిట్‌కాయిన్ మైనింగుకు వాడే యంత్రాలు ఆ పనికి తప్ప మరి దేనికీ పనికిరావు. వాటి మీద కోట్లు పెట్టినవారు ఆ నాణెం పరువు తీస్తే తమ యంత్రాలే ఇనుప సామానుగా మిగులుతాయి. తోట కొన్నవాడు చెట్లు నరకడు. కాని చిన్న నాణేలు చాలావాటికి వాడే యంత్రాలు వేరే పనులకు, వేరే నాణేలకు కూడా పనికి వస్తాయి. వాటిని గంటల లెక్కన అద్దెకిచ్చే మార్కెట్లు ఉన్నాయి. అద్దె లారీ తెచ్చి సరుకు తరలించినవాడికి లారీ అరుగుదలతో పని లేదు.

2018 మే నెలలో బిట్‌కాయిన్ గోల్డ్ అనే నాణెంపై ఇటువంటి దాడి జరిగింది. దాడిదారు ఖాతాల గుండా 3,88,000 నాణేలు, అప్పటి ధరలో సుమారు 1 కోటి 80 లక్షల డాలర్ల విలువైనవి, కదిలాయి. ఆ ఏడు సెప్టెంబరులో బిట్రెక్స్ ఎక్స్ఛేంజి ఆ నాణేన్ని తన జాబితా నుంచి తొలగించింది.

ఇథీరియం క్లాసిక్‌కు 2019 జనవరిలో ఒకసారి, 2020 ఆగస్టు ఒక్క నెలలో మూడుసార్లు దెబ్బ తగిలింది. ఆ ఆగస్టు తొలి దాడిలో 8 లక్షలకు పైగా నాణేలు, విలువ సుమారు 56 లక్షల డాలర్లు, రెండుసార్లు ఖర్చయినట్లు లెక్క తేలింది. దాడికి అద్దె యంత్రాల ఖర్చు సుమారు 1 లక్షా 92 వేల డాలర్లేనని విశ్లేషకుల అంచనా. పెట్టిన ప్రతి డాలరుకూ ఇరవై తొమ్మిది డాలర్ల రాబడి! నష్టపోయిన ఎక్స్ఛేంజి ఆ భారం ఖాతాదారుల మీద వేయకుండా తానే భరించింది. ప్రతి ఎక్స్ఛేంజీ అట్లా చేయగలదని అనుకోవడానికి లేదు.

ఈ తీరు చిత్తూరు మామిడి మార్కెట్టును ఎరిగిన వారికి కొత్త కాదు. 2025 సీజనులో తోతాపురి దిగుబడి విరగకాసి, గుజ్జు పరిశ్రమల కొనుగోలు మందగించి ధర పతనమయింది. పొరుగున ఉన్న కర్ణాటక కాయ కూడా ఇక్కడి ఫ్యాక్టరీలకే వస్తే స్థానిక రైతు మరింత నలుగుతాడని ఆ జూన్‌లో జిల్లా యంత్రాంగం దాని రాకను నిషేధించింది. దానిపై కర్ణాటక ప్రభుత్వం అభ్యంతరం తెలిపింది. కిలోకు పరిశ్రమలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు చొప్పున మొత్తం 12 రూపాయలు రైతుకు దక్కేలా రాష్ట్ర ప్రభుత్వం ఏర్పాటు చేసింది. జూలైలో కేంద్రం క్వింటాలుకు 1,490 రూపాయల 73 పైసల ధరపై 1,62,000 టన్నులకు మార్కెట్ జోక్యం పథకం కింద ఆమోదం తెలిపింది.

ధర ఎవరి చేతిలోనో చిక్కుకొన్నప్పుడు ఇక్కడ చెక్‌పోస్టు ఉన్నది, కలెక్టరు ఉన్నాడు, సబ్సిడీ ఉన్నది. వాటి మంచిచెడ్డల మీద వాదాలు ఉండవచ్చు. క్రిప్టో నెట్‌వర్కుకు చెక్‌పోస్టు లేదు. బయటినుంచి ఎంత శక్తి వచ్చిపడినా తలుపు తెరిచే ఉంటుంది. ఎవరినైనా రానిచ్చే ఏర్పాటే దాని గొప్ప. అదే దాని బలహీనత.

మొనేరోకు ఏమయింది?

మొనేరో 2014 ఏప్రిల్‌లో మొదలయిన నాణెం. ఎవరు ఎవరికి ఎంత పంపారో బయటికి కనపడకపోవడం దీని ప్రత్యేకత. మైనింగు పెద్ద ఫ్యాక్టరీల గుత్త కారాదని, మామూలు కంప్యూటరు ఉన్నవారు ఎవరైనా చేయగలగాలని దీని నిర్వాహకుల పట్టుదల. 2019 నవంబరు 30 నుంచి అమలైన ‘రాండమ్ ఎక్స్’ పద్ధతి అందుకే వచ్చింది. మామూలు కంప్యూటర్లకు అనువైన పద్ధతి కనుకనే మొదట్లో వెబ్‌సైట్ల చాటు మైనింగుకు కూడా ఈ నాణెమే అనువయింది. తిరుపతి పౌరుని కంప్యూటరు ఈ వ్యవహారంలోకి రాగలిగింది ఆ దారినే.

సామాన్యులకు తెరిచిన తలుపు గుండానే 2025లో క్యూబిక్ ప్రవేశించింది. అది మొనేరో మైనింగు చేసి, వచ్చిన నాణేలు అమ్మి, ఆ సొమ్ముతో తన సొంత నాణేలను మార్కెట్టులో కొని రద్దు చేసింది. దానితో తన నాణెం ధరకు ఊతం వచ్చి, మైనర్లకు నేరుగా మొనేరో మైనింగులో వచ్చే దానికంటే ఎక్కువ ముట్టింది. ఎక్కువ ధర ఇచ్చే గానుగకు చెరకు బండ్లు మళ్ళినట్లు మైనర్లు అటు మళ్ళారు. ఆగస్టు 12న సగం దాటినట్లు క్యూబిక్ ప్రకటించుకొన్నది. ఆ సమయంలో 6 పుటలు వెనక్కు తిరిగాయి. నిజంగా సగం దాటిందా, సగానికి తక్కువ శక్తితోనే అదను చూసి పుటలు తిప్పారా అన్న దానిపై నిపుణులు ఏకీభవించలేదు.

క్రాకెన్ ఎక్స్ఛేంజి ఆగస్టు మధ్యలో మొనేరో జమలను ఆపి, తరువాత 720 ధ్రువీకరణల షరతుతో తిరిగి అనుమతించింది. మొనేరోలో పుటకు రెండు నిమిషాలు. అంటే జమ చేసిన నాణెం చేతికి అందాలంటే 24 గంటలు ఆగాలి. సెప్టెంబరు 14న అంతకంటె పెద్ద తిరకాసు జరిగి 18 పుటలు, అంటే సుమారు 36 నిమిషాల చిట్టా, వెనక్కు తిరిగింది. నూటికి పైగా చెల్లింపులు చెల్లకుండా పోయాయి. ఎవరి సొమ్మూ రెండుసార్లు ఖర్చయినట్లు తేలలేదు. కాని పది పుటలు గడిస్తే చాలునన్న పాత భరోసా ఆ రోజుతో చెదిరింది.

కాపలా కూలి లెక్క

ఈ బెడదను కొలవడానికి సులువైన లెక్క ఒకటున్నది. మైనర్లకు ముట్టే బహుమతిని ఆ గిడ్డంగికి కాపలా కూలిగా అనుకోవచ్చు. మొనేరోలో పుటకు 0.6 నాణెం, రోజుకు 720 పుటలు. మొత్తం 432 నాణేలు. 2025 ఆగస్టులో నాణెం ధర 250 డాలర్ల ప్రాంతంలో ఉన్నది. అంటే రోజు కూలి సుమారు 1 లక్షా 8 వేల డాలర్లు, కోటి రూపాయలకు కాస్త లోపు. అదే రోజులలో బిట్‌కాయిన్ కాపలా కూలి రోజుకు 450 నాణేలు, విలువ 5 కోట్ల డాలర్లకు పైమాట.

గిడ్డంగిలోని సరుకు విలువతో పోలిస్తే రెండింటి కూలి నిష్పత్తి ఇంచుమించు ఒకటే. అయినా తేడా ఉన్నది. రోజుకు కోటి రూపాయల కూలిని మించి చెల్లించగల వారు ప్రపంచంలో చాలామంది ఉన్నారు. రోజుకు 5 కోట్ల డాలర్లను మించి పెట్టగలవారు ఉన్నా, ఆ పనికి కావలసిన యంత్రాలు బజారులో అద్దెకు దొరకవు. కనుక నాణెం ధర ఎంత అన్నదానికంటె, కాపలా కూలి మొత్తం ఎంత, ఆ కాపలాదార్లను బయటివారు ఎంత సులువుగా కొనగలరు అన్నవి ముఖ్యం.

1980లో అమెరికాలో హంట్ సోదరులు వెండిని గుత్తకు పట్టిన ఉదంతం పాత వర్తకులకు గుర్తుండే ఉంటుంది. వారు సరుకును దాచి ధర పెంచారు. చివరకు ఆ మార్చిలో ధర కుప్పకూలి వారే మునిగారు. వెండి మాత్రం వెండిగానే ఉన్నది. క్రిప్టో నాణెంలో ఖాతాయే సరుకు. ఖాతా మీద నమ్మకం పోతే మిగిలేది ఏమీ లేదు.

విరుగుడు ఉన్నదా?

మైనింగునే విడిచిపెట్టడం ఒక మార్గం. ఇథీరియం 2022 సెప్టెంబరు 15న ఆ పని చేసింది. అక్కడ పుట రాసే హక్కు యంత్రాలకు కాక, 32 నాణేలు పూచీగా పెట్టిన వారికి దక్కుతుంది. మోసం చేస్తే పూచీ జప్తు అవుతుంది. దీనితో విద్యుత్తు ఖర్చు పోయింది గాని గుత్త భయం రూపు మార్చుకొన్నది. 2023లో ‘లిడో’ అనే ఒక్క సంస్థ ద్వారా పూచీ పడిన నాణేలు మొత్తంలో మూడో వంతుకు చేరువ కావడంతో అదే ఆందోళన మళ్ళీ తలెత్తింది. పుటలు మరీ లోతుగా వెనక్కు తిరగకుండా అడ్డుకట్టలు వేయడం మరో మార్గం. కాని అడ్డుకట్ట ఎక్కడ వేయాలో నిర్ణయించే పెద్ద ఒకరు కావాలి. పెద్ద లేని చిట్టా అన్నదే ఈ నాణేల మూలసూత్రం.

కొన్నవారు గమనించవలసినవి

భారతదేశంలో క్రిప్టో నాణేలు చట్టబద్ధ ద్రవ్యం కావు. బ్యాంకులు వీటితో వ్యవహరించరాదని రిజర్వు బ్యాంకు 2018 ఏప్రిల్‌లో జారీ చేసిన ఉత్తర్వును సుప్రీంకోర్టు 2020 మార్చి 4న కొట్టివేసింది. 2022 ఏప్రిల్ నుంచి లాభంపై 30 శాతం పన్ను, జూలై నుంచి అమ్మకంపై 1 శాతం మూలంలో కోత అమలులోకి వచ్చాయి. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని మరో నాణెం లాభంలో తగ్గించి చూపే వీలు లేదు. అంటే దాడివల్ల ఒక నాణెం కుప్పకూలినా, వేరొకదాని లాభంపై పన్ను కట్టక తప్పదు. బ్యాంకు డిపాజిట్టుకు ఉన్నట్లు బీమా లేదు.

ఎక్స్ఛేంజి దోపిడీ వేరు, మెజారిటీ దాడి వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2024 జూలైలో వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 2,000 కోట్ల రూపాయల నాణేలు పోయినది గిడ్డంగి తాళం తీసిన దొంగతనం. చిట్టా తారుమారు కాదు. మన దేశపు మదుపరులకు తగిలిన పెద్ద దెబ్బలలో అది ఒకటి. అది 51 శాతం దాడి కాదు.

కనుక కొత్త నాణెం చౌకగా దొరుకుతున్నదని ఎవరైనా చెప్పినప్పుడు అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. దాని మైనింగులో పెద్ద పూల్ వాటా ఎంత? దాని యంత్రాలు అద్దెకు దొరుకుతాయా? రోజు కాపలా కూలి ఎంత? ఎక్స్ఛేంజీలు దాని జమలకు ఎన్ని ధ్రువీకరణలు అడుగుతున్నాయి? చివరి ప్రశ్నకు జవాబు హఠాత్తుగా పెరిగితే మార్కెట్టుకు ఏదో వాసన తగిలిందనే అర్థం. నాణేలు పుచ్చుకొని సరుకు ఇచ్చే వర్తకుడు ఆ కాలం గడిచేదాకా సరుకు వదలరాదు.

పెద్ద నాణేల చిట్టా ఇప్పట్లో ఒకరి చేతిలో పడే సూచనలు లేవు. చిన్న నాణేలకు మాత్రం ఈ బెడద తొలగిపోలేదు. కాపలా లేని గిడ్డంగిలో సరుకు పెట్టే ముందు వర్తకుడు తాళం ఒక్కటే చూడడు. తాళంచెవి ఎందరి వద్ద ఉన్నదో కూడా విచారిస్తాడు. ఇక్కడా ఆ జాగ్రత్తే కావాలి.